కోబ్రా రెప్లికాకు ఏ గేర్‌బాక్స్? టార్క్, బరువు, వెనక యాక్సిల్ కలిసి చెప్పే లెక్క

2019లో వచ్చిన ‘ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ’ సినిమా చూసినవాళ్లకు కరోల్ షెల్బీ పేరు, ఆయన కోబ్రా కారు గుర్తుండే ఉంటాయి. పైకప్పు లేని, పొడవాటి బానెట్ ఉన్న రెండు సీట్ల కారు అది. 1960లలో తయారైన కోబ్రాలు అన్నీ కలిపితే సుమారు వెయ్యి. అయినా అమెరికాలో పాత కార్ల మేళా ఎక్కడ జరిగినా ఒకటో రెండో కోబ్రాలు కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో నూటికి తొంభై తొమ్మిది రెప్లికాలని అనుకుంటే పెద్దగా పొరపాటు ఉండదు. అసలు కారు వేలంలో లక్షల డాలర్లు పలుకుతుంది కాబట్టి దాన్ని రోడ్డు మీదికి తేవడానికి యజమానులు వెనకాడతారు. రెప్లికాకు ఆ భయం లేదు.

రెప్లికా అంటే పూర్తి కారు కొనడమని అనుకోనక్కర్లేదు. 1995లో మొదలైన, మసాచుసెట్స్‌లోని వేర్‌హమ్ కేంద్రంగా ఉన్న ఫ్యాక్టరీ ఫైవ్ రేసింగ్ లాంటి సంస్థలు చాసిస్, ఫైబర్ బాడీ, సస్పెన్షన్ భాగాలను పెట్టెల్లో పంపుతాయి. దక్షిణాఫ్రికాలో తయారయ్యే సూపర్‌ఫార్మెన్స్ కార్లు రంగు వేసి, సీట్లు బిగించి వస్తాయి గానీ, ఇంజన్, గేర్‌బాక్స్ ఉండవు. ఆ రెండూ కొన్నవాళ్లే తెచ్చుకోవాలి. చిన్న సంస్థలు ఏడాదికి 325 దాకా రెప్లికాలను పూర్తి కార్లుగానే అమ్ముకోవచ్చని అమెరికా కాంగ్రెస్ 2015లో చట్టం చేసింది. అయినా సొంతంగా బిగించుకునే సంప్రదాయమే నేటికీ బలంగా ఉంది.

ఇంజన్ విషయంలో నెలల తరబడి ఆరా తీసేవాళ్లు కూడా గేర్‌బాక్స్ దగ్గరికి వచ్చేసరికి ‘హార్స్‌పవర్‌ను తట్టుకోవాలి, గేర్లు ఎక్కువ ఉండాలి’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. కోబ్రా లాంటి తేలికైన కారులో గేర్‌బాక్స్‌ను నిర్ణయించేవి నాలుగు: ఇంజన్ టార్క్, కారు బరువు, వెనక యాక్సిల్ నిష్పత్తి, ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతుందన్నది. గేర్ల సంఖ్య వీటన్నిటి తర్వాతే వస్తుంది.

అసలు కారులో ఏముండేది?

కోబ్రా పుట్టుక ఇంగ్లండ్‌లో. సర్రేలోని థేమ్స్ డిట్టన్‌లో ఏసీ కార్స్ తయారుచేసే ఏస్ అనే తేలికపాటి కారులో షెల్బీ 1962లో ఫోర్డ్ వీ8 ఇంజన్ పెట్టాడు. మొదటిది 260 క్యూబిక్ అంగుళాలది, అంటే సుమారు 4.2 లీటర్లు. ఆ తర్వాత 289 వచ్చింది. వీటికి బోర్గ్‌వార్నర్ టీ-10 అనే నాలుగు గేర్ల పెట్టె వాడారు. 1965లో చాసిస్‌ను మార్చి 7 లీటర్ల 427 ఇంజన్ దించారు. రోడ్డు మోడల్‌కు ఫోర్డ్ చెప్పిన లెక్క 425 హార్స్‌పవర్, సుమారు 650 ఎన్ఎం టార్క్. మన రోడ్ల మీద తిరిగే చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్‌ల టార్క్ 110 ఎన్ఎం దగ్గర ఉంటుంది. అంటే ఇది దాదాపు ఆరు రెట్లు. కారు బరువు మాత్రం ఆ హ్యాచ్‌బ్యాక్ కంటే కొంచెమే ఎక్కువ.

ఆ టార్క్‌కు టీ-10 చాలదని 427లో ఫోర్డ్ టాప్ లోడర్ పెట్టారు. పోత ఇనుము పెట్టె, మూత పైన ఉంటుంది, పేరు అందుకే వచ్చింది. అందులోనూ దగ్గర నిష్పత్తులున్న రకాన్నే ఎంచుకున్నారు: మొదటి గేరు 2.32, రెండు 1.69, మూడు 1.29, నాలుగు 1.00. నేటి ప్రమాణాలతో చూస్తే 2.32 మొదటి గేరుగా చాలా ‘పొడవు’. మామూలు కార్లలో అది రెండో గేరుకు దగ్గరగా ఉంటుంది. షెల్బీ మనుషులు ఏదో సర్దుబాటు చేసుకుని అలా పెట్టలేదు. దాని వెనకున్న లెక్క ఇప్పటికీ పనికొస్తుంది.

టైరు ఎంత మోయగలదు?

డ్రైవరుతో కలిపి 1,200 కిలోల దగ్గరుండే కారు గట్టిగా దూకేటప్పుడు వెనక చక్రాల మీద 700 కిలోల బరువు పడుతుందనుకుందాం. మంచి రోడ్డు టైర్ల పట్టు 0.9, టైరు వ్యాసం 66 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ టైర్లు జారకుండా రోడ్డుకు ఇవ్వగలిగేది సుమారు 2,040 ఎన్ఎం. అంతకు మించితే పొగే.

ఇప్పుడు యాక్సిల్ నిష్పత్తి 3.55, గేర్‌బాక్స్ మొదటి గేరు 2.87 అనుకుంటే రెండింటినీ గుణిస్తే 10.2. అంటే మొదటి గేరులో ఇంజన్ 200 ఎన్ఎం ఇస్తే చాలు, టైర్లు జారడం మొదలవుతుంది. రెండో గేరు 1.89లో అది సుమారు 304. మూడో గేరు 1.28లో 449. ఇంజన్ దగ్గర 650 ఉంది. మూడో గేరులో కూడా కాలు పూర్తిగా అదిమితే వెనక చక్రాలు తిరిగిపోతాయన్నమాట. కోబ్రాకు ఉన్న భయంకరమైన పేరుకు మూలం ఇదే.

దీన్నుంచి రెండు విషయాలు తేలుతాయి. మొదటిది: తేలికైన, బలమైన కారుకు లోతైన మొదటి గేరు దండగ. 3.35 మొదటి గేరు ఉన్న పెట్టెను 3.55 యాక్సిల్‌తో కలిపితే, 6,000 ఆర్‌పీఎం దగ్గర కారు వేగం గంటకు 63 కిలోమీటర్లే. సిగ్నల్ దాటేలోపే గేరు మార్చాలి, ఈలోగా సగం టార్క్ పొగైపోతుంది. 2.87 అయితే అదే ఆర్‌పీఎంకు 73, పాత టాప్ లోడర్ 2.32తో 91 కిలోమీటర్లు. రెండో విషయం మరింత ముఖ్యం: మొదటి రెండు గేర్లలో టైర్లే ఫ్యూజు వైరులా పనిచేసి గేర్‌బాక్స్‌ను కాపాడతాయి. అందుకే 1,500 కిలోల మస్టాంగ్‌లో ఏడాది తిరగకుండా విరిగిన పెట్టె కోబ్రాలో ఏళ్ల తరబడి బతికిన ఉదాహరణలున్నాయి. అయితే మెత్తటి రేస్ టైర్లు వేసి, ఇంజన్‌ను 5,000 దగ్గర తిప్పి ఒక్కసారిగా క్లచ్ వదిలితే ఈ లెక్క చెల్లదు. ఫ్లైవీల్‌లో దాగిన శక్తి అంతా ఒక్క దెబ్బగా గేర్ల మీద పడుతుంది.

రేటింగ్ అనే అంకె

గేర్‌బాక్స్ కేటలాగుల్లో హార్స్‌పవర్ ఉండదు, టార్క్ ఉంటుంది. ఆ అంకెను గుడ్డిగా చదవడం కూడా ప్రమాదమే. ట్రెమెక్ సంస్థ టీకేఓ 500, టీకేఓ 600 అనే రెండు పెట్టెలు అమ్మేది. పేర్లలోని అంకెలు పౌండ్-అడుగుల్లో టార్క్ పరిమితి. మన లెక్కలో 678, 813 ఎన్ఎం. బయటి పెట్టె రెండింటికీ ఒకటే. ప్రధానమైన తేడా నిష్పత్తుల్లో ఉంది: 500కు మొదటి గేరు 3.27, 600కు 2.87. రేటింగును మొదటి గేరుతో గుణించి చూస్తే 500 వెనక షాఫ్ట్ దగ్గర 2,217 ఎన్ఎం, 600 దగ్గర 2,333 వస్తాయి. దాదాపు సమానం. పెట్టె మోయగలిగిన భారం మారలేదు, లోపలి గుణకారం మారింది. ‘బలమైన గేర్‌బాక్స్’ అని అమ్మే వాటిలో కొన్ని నిజానికి పొడవైన మొదటి గేరున్న గేర్‌బాక్సులే. కోబ్రా కొనేవాళ్లకు కావలసింది కూడా అదే కాబట్టి, ఇక్కడ అదృష్టం వాళ్ల వైపే ఉంది.

టీ-5 కథ కూడా ఇలాంటిదే. 1980లలో, 1990ల తొలి భాగంలో 5 లీటర్ల మస్టాంగ్‌లలో వచ్చిన ఈ ఐదు గేర్ల అల్యూమినియం పెట్టెయే చాలా రెప్లికాలకు తొలి గేర్‌బాక్స్. ఫ్యాక్టరీ ఫైవ్ తొలి కిట్లు ఒక పాత మస్టాంగ్‌ను విప్పి, దాని భాగాలను కొత్త చాసిస్‌కు బిగించే పద్ధతిలోనే రూపొందాయి. 1990-93 నాటి టీ-5 పరిమితి సుమారు 407 ఎన్ఎం, మొదటి గేరు 3.35. తర్వాత వచ్చిన టీ-5జెడ్ రకానిది 447, మొదటి గేరు 2.95. గుణించి చూస్తే ఇక్కడా రెండూ దగ్గర దగ్గరే.

టీ-5 విరిగేది ఎక్కువగా మూడో గేరు దగ్గర. పైన చెప్పిన టైరు లెక్క ఇందుకు ఒక కారణం చూపిస్తుంది. మొదటి, రెండో గేర్లలో టైరు ముందే జారిపోతుంది. మూడో గేరులో టైరు పట్టు నిలిచి సుమారు 445 ఎన్ఎం దాకా పెట్టె గుండా వెళుతుంది, పరిమితేమో 407. పైగా టీ-5లో రెండు షాఫ్ట్‌ల మధ్య దూరం 77 మిల్లీమీటర్లే. భారం పెరిగితే అల్యూమినియం పెట్టె వంగి, గేరు పళ్లు ఒకదానికొకటి పూర్తిగా అందవు. అంచుల మీద తిరిగే పళ్లు ఊడిపోవడం ఎంతోసేపు పట్టదు.

ఏ ఇంజన్‌కు ఏది?

పాత 302 క్యూబిక్ అంగుళాల ఇంజన్‌ను పెద్దగా కదిలించకుండా పెట్టుకుని, వారాంతాల్లో సరదాగా తిరిగేవాళ్లకు టీ-5 చాలు. 34 కిలోల దగ్గరుంటుంది, గేర్లు వెన్నలా పడతాయి, పాత సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. తేలిక కారుకు ఆ తేలిక పెట్టె అందమే వేరు. దీన్ని ‘బలహీనం’ అని తీసిపారేసేవాళ్ల మాట పూర్తిగా నమ్మనక్కర్లేదు. అయితే ఇంజన్‌ను తర్వాత పెంచుదామన్న ఆలోచన ఉంటే మాత్రం మొదటే పెద్ద పెట్టెకు వెళ్లాలి. ఒకసారి బాడీ ఎక్కించాక గేర్‌బాక్స్ మార్చడమంటే ఇంజన్ కూడా దించాల్సి రావచ్చు.

351 విండ్సర్ బ్లాక్‌ను సాగదీసి 427 క్యూబిక్ అంగుళాలు చేసిన ఇంజన్లు కోబ్రా రెప్లికాల్లో బాగా కనిపిస్తాయి. 500 హార్స్‌పవర్, 680 ఎన్ఎం పైమాట. వీటికి చాలా కాలం పాటు జవాబు టీకేఓ 600. సమస్య ఒక్కటే, అదీ చిన్నది కాదు: ఇంజన్ వేగం పెరిగేకొద్దీ గేరు పడదు. బరువైన గేర్లను సింక్రనైజర్లు ఆ వేగంలో అందుకోలేవు. 5,500 దాటాక రెండు నుంచి మూడుకు మార్చబోతే గేర్ రాడ్ గోడకు తగిలినట్టు ఆగిపోతుందని ఆ పెట్టెకు పేరుంది. 5,500 లోపే టార్క్ అంతా ఇచ్చేసే పాత తరహా వీ8లతో ఇది పెద్దగా బాధించదు.

ఫోర్డ్ కొయోటీ 5 లీటర్ల ఇంజన్‌తో మాత్రం బాధిస్తుంది. 2011 మస్టాంగ్‌తో వచ్చిన ఈ ఇంజన్ బలమంతా పైవేగాల్లోనే ఉంటుంది, 7,000 దాకా పరిగెడుతుంది. టార్క్ మాత్రం మొదటి మోడల్‌లో సుమారు 529 ఎన్ఎం. అంటే దీనికి కావలసింది అతి బలమైన పెట్టె అనడం కంటే వేగంగా మారే పెట్టె అనడం సరైనది. ట్రెమెక్ 2020లో టీకేఓ స్థానంలో టీకేఎక్స్‌ను తెచ్చింది ఈ కొరత తీర్చడానికే. టార్క్ పరిమితి అదే 813 ఎన్ఎం, గేరు మార్పిడి 8,000 ఆర్‌పీఎం దాకా సాధ్యమని సంస్థ చెబుతుంది. కొత్తగా కోబ్రా బిగించేవాళ్లలో ఎక్కువమందికి, పాత ఇంజనైనా కొత్త ఇంజనైనా, ఈ రోజున ముందుగా చూడాల్సిన పెట్టె ఇదే. గేర్ రాడ్‌ను వేర్వేరు చోట్ల బిగించుకునే వీలుండటం, స్పీడోమీటరుకు కేబుల్, ఎలక్ట్రానిక్ రెండు దారులూ ఉండటం కూడా రెప్లికా మనుషులకు కలిసొచ్చే అంశాలు.

కొయోటీతో పాటు మస్టాంగ్‌లో వచ్చిన ఆరు గేర్ల గెట్రాగ్ ఎంటీ-82ను ఇంజన్‌తో కలిపి చవగ్గా కొని కోబ్రాలో పెట్టాలనుకోవడం సహజమైన ఆశే. కానీ దాని మొదటి గేరు 3.66. యాక్సిల్ 3.55తో గుణిస్తే 13. సుమారు 1,700 కిలోల మస్టాంగ్‌ను కదిలించడానికి వేసిన లెక్క 1,200 కిలోల కారుకు సరిపడదు.

ఐదా, ఆరా?

డాడ్జ్ వైపర్ కోసం 1992లో వచ్చిన బోర్గ్‌వార్నర్ టీ-56 ఆరు గేర్ల పెట్టెకు వారసుడు ట్రెమెక్ మాగ్నమ్. బోర్గ్‌వార్నర్ మాన్యువల్ గేర్‌బాక్సుల వ్యాపారం 1990లలో ఈ మెక్సికన్ సంస్థ చేతికి వచ్చింది. మాగ్నమ్ పరిమితి సుమారు 949 ఎన్ఎం. షాఫ్ట్‌ల మధ్య దూరం 85 మిల్లీమీటర్లు. బరువు 61 కిలోలు, టీకేఎక్స్ కంటే దాదాపు 16 కిలోలు ఎక్కువ. ఒక రకంలో గేర్లు ఇలా ఉంటాయి: 2.66, 1.78, 1.30, 1.00, 0.74, 0.50. చివరి రెండూ ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజన్ కంటే వెనక షాఫ్ట్ వేగంగా తిరిగే గేర్లు. హైవే మీద ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పి పెట్రోలు ఆదా చేయడం, చెవులకు కాస్త విరామం ఇవ్వడం వాటి పని.

గంటకు 110 కిలోమీటర్ల వేగంతో, 3.55 యాక్సిల్‌తో లెక్కిద్దాం. నాలుగో గేరు 1.00లో ఇంజన్ సుమారు 3,140 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. 0.82 ఓవర్‌డ్రైవ్‌లో 2,570. 0.68లో 2,130. 0.64లో 2,010. మాగ్నమ్ ఆరో గేరు 0.50లో 1,570.

ఈ చివరి అంకె దగ్గరే చాలామంది డబ్బు వృథా అవుతుంది. కోబ్రాల్లో పెట్టే పెద్ద ఇంజన్లకు సాధారణంగా వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్‌షాఫ్ట్ వేస్తారు. ఆగి ఉన్నప్పుడు గుర్రపు డెక్కల్లా వినిపించే ఆ చప్పుడు కోసమే కొందరు వేయిస్తారు. అలాంటి ఇంజన్ 1,800-2,000 లోపు నున్నగా లాగదు, తన్నుతూ కుదుపుతూ నడుస్తుంది. ఆరో గేరు దానికి హాయిగా పనికిరావాలంటే కారు గంటకు 140 కిలోమీటర్ల వేగంతో పోవాలి. అమెరికా హైవేల్లో చాలాచోట్ల పరిమితి 105 నుంచి 120 మధ్య. అంటే 61 కిలోల పెట్టెను మోసుకుంటూ తిరిగేది అయిదు గేర్లలోనే.

మాగ్నమ్ వద్దే వద్దని దీని అర్థం కాదు. 4.10 లాంటి పొట్టి యాక్సిల్ వేస్తే ఆరో గేరు 1,810కి వస్తుంది, మొదటి గేరు 2.66 కాబట్టి ఆరంభం కూడా అదుపు తప్పదు. చివరి గేరు 0.63 ఉన్న రకం తీసుకుంటే ఇంకా తేలిక. వాల్వుల సమయాన్ని కంప్యూటర్ మార్చుకునే కొయోటీ లాంటి ఇంజన్‌కు 1,600 ఆర్‌పీఎం కష్టమేమీ కాదు. సూపర్‌చార్జర్ తగిలించి 800 ఎన్ఎం దాటినవాళ్లకు మాగ్నమ్ తప్ప మరో మంచి దారి లేదు. చెప్పొచ్చేదేమిటంటే, గేర్‌బాక్స్‌ను యాక్సిల్‌తో కలిపి కొనాలి. విడిగా చూస్తే రెండూ మంచివే అయినా కలిస్తే పొసగని జంటలు చాలానే ఉన్నాయి.

ట్రాక్ మీద నడిపేవాళ్లు ఐదు గేర్లలోనే మరో మలుపు తిరుగుతారు. టీకేఓ 600లో ఐదో గేరు 0.64 లేదా 0.82, టీకేఎక్స్‌లో 0.68 లేదా 0.81 ఎంచుకోవచ్చు. నాలుగో గేరులో 6,000 దగ్గర మారిస్తే 0.64లో ఇంజన్ 3,840కి పడిపోతుంది, 0.82లో 4,920 దగ్గర నిలుస్తుంది. పొడవైన స్ట్రెయిట్ మీద గాలికి ఎదురు నెట్టాల్సిన కారుకు ఈ తేడా చాలా పెద్దది. కోబ్రా ఆకారం గాలిని కోసుకుపోయేది కాదు. షెల్బీ బృందం 1964లో డేటోనా కూపే అనే మూసిన బాడీ చేసింది ఆ బాధతోనే. ఊరి రోడ్ల మీద, హైవే మీద తిరిగేవాళ్లకు 0.64 లేదా 0.68 హాయి. రెంటికీ చెడకుండా ఉండాలంటే ఏడాదిలో ట్రాక్ మీద గడిపే రోజులు ఎన్నో నిజాయితీగా లెక్కపెట్టుకోవాలి.

పాదాల పక్కన తిరిగే చక్రం

కోబ్రా వీల్‌బేస్ 90 అంగుళాలు. అందులో పెద్ద ఇంజన్‌ను బరువు సమతూకం కోసం వీలైనంత వెనక్కి జరుపుతారు. ఫలితంగా డ్రైవరు పాదాలు ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోటికి పక్కనే ఉంటాయి. ఫ్లైవీల్, క్లచ్ తిరిగే బెల్ హౌసింగ్ సరిగ్గా అక్కడే. 6,000 ఆర్‌పీఎం దగ్గర పాత పోత ఇనుప ఫ్లైవీల్ పగిలితే ముక్కలు అల్యూమినియం గోడను, సన్నటి ఫుట్‌బాక్స్ రేకును చీల్చుకుని కాళ్లలోకి వస్తాయి. డ్రాగ్ రేసింగ్ నియమాల్లో ఉక్కు బెల్ హౌసింగ్, పరీక్షించిన ఫ్లైవీల్ అడగడానికి కారణం ఇలాంటి ప్రమాదాలే. రోడ్డు కారుకు ఎవరూ అడగరు. అయినా ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే కార్పెట్ల దగ్గర, పెయింటు దగ్గర తగ్గించుకోవడం మంచిది, ఇక్కడ వద్దు.

అదే బెల్ హౌసింగ్‌కు ఇంకో సంగతి ఉంది. ఇంజన్ క్రాంక్ మధ్యబిందువు, గేర్‌బాక్స్ దూరే రంధ్రం మధ్యబిందువు ఒకే గీతలో ఉండాలి. డయల్ గేజ్‌తో కొలిస్తే తేడా 0.005 అంగుళం, అంటే 0.13 మిల్లీమీటర్ లోపే ఉండాలని ట్రెమెక్ అడుగుతుంది. వేర్వేరు తయారీదారుల ఇంజన్ బ్లాక్, బెల్ హౌసింగ్, గేర్‌బాక్స్ కలిపే రెప్లికాల్లో ఇది తప్పడం మామూలే. ఎక్కువ వస్తే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు వేసి సరిచేయాలి. ఒక పూట పని. ఇది చేయకుండా బిగించి, గేర్లు గట్టిగా పడుతున్నాయని, పెట్టె అరుస్తోందని కొత్త గేర్‌బాక్స్‌ను తప్పుపట్టేవాళ్లకు కొదవ లేదు. వారంటీ కోసం పంపితే మొదట అడిగే ప్రశ్న ఆ కొలత ఎంత వచ్చిందనే.

ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా చిన్నది కావడం వల్ల మరో చిక్కు. గేర్‌బాక్స్ వెనక షాఫ్ట్ ఎంత కోణంలో వాలి ఉందో, యాక్సిల్ పినియన్ దానికి సమానంగా ఎదురు కోణంలో ఉండాలి. అప్పుడే రెండు చివరల యూజే క్రాస్‌లు ఒకదాని కుదుపును ఇంకొకటి రద్దు చేస్తాయి. పొడవైన మాగ్నమ్ పెడితే షాఫ్ట్ ఇంకా కురచదై కోణాలు పెరుగుతాయి. కొన్ని చాసిస్‌లలో టన్నెల్ గొట్టాలు కోసి మళ్లీ వెల్డింగ్ చేయాల్సి వస్తుంది. గేర్ రాడ్ ఎక్కడ పైకి వస్తుందన్నదీ ముఖ్యమే. అసలు కోబ్రాలో రాడ్ ముందుకు వంగి ఉంటుంది. డాష్‌బోర్డుకు తగలకుండా, మోచేయి వెనక్కి మడవకుండా ఉండే చోటు కొనేముందే కొలుచుకోవాలి. ఖాళీ చాసిస్‌లో సీటు వేసుకుని కూర్చుని చూడటమే దీనికి సరైన పద్ధతి.

క్లచ్ సంగతి క్లుప్తంగా: 680 ఎన్ఎం పట్టే క్లచ్‌కు గట్టి స్ప్రింగు కావాలి, ఇరుకైన ఫుట్‌బాక్స్‌లో పొట్టి పెడల్‌తో అది కాలికి శిక్ష. ఎగ్జాస్ట్ గొట్టాల పక్కనుంచి కేబుల్ లాగే బదులు హైడ్రాలిక్ పెట్టుకోవడం మేలు.

ఇంజన్ వెనక ఉంటే

ఫోర్డ్ జీటీ40 రెప్లికాల కథ పూర్తిగా వేరు. ఇంజన్ డ్రైవరు వెనక ఉంటుంది కాబట్టి గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ కలిసిన ట్రాన్సాక్సిల్ కావాలి. అసలు కార్లలో చాలావాటికి జర్మన్ సంస్థ జడ్‌ఎఫ్ చేసిన ఐదు గేర్ల 5డీఎస్-25 వాడారు. దే టొమాసో పాంటేరాలో, బీఎండబ్ల్యూ ఎం1లో ఉన్నదీ అదే కుటుంబం. ఇప్పుడు అది దొరికినా ఖరీదెక్కువ. అందుకే కొందరు పోర్షే 911 గేర్‌బాక్స్ వాడతారు. 911లో ఇంజన్ అన్నిటికంటే వెనక ఉంటుంది, జీటీ40లో గేర్‌బాక్స్‌కు ముందుంటుంది. అలాగే తిప్పి బిగిస్తే ముందుకు ఒకటీ, వెనక్కి ఐదూ గేర్లు వస్తాయి! క్రౌన్ వీల్‌ను రెండో పక్కకు మార్చాలి, లేదా పెట్టెనే తలకిందులు చేసి బిగించాలి. ఆడీ కార్ల ట్రాన్సాక్సిల్‌కు ఈ బాధ లేదు. దాని అమరిక దీనికి నేరుగా సరిపోతుంది, టార్క్ పరిమితే దానికి అడ్డు.

మన దేశంలో

భారతదేశంలో ఇలాంటి కారు బిగించుకుని నంబరు ప్లేటు తెచ్చుకోవడం దాదాపు అయ్యే పని కాదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్ణయించిన మౌలిక స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో దాన్ని మరింత స్పష్టం చేసింది. అంటే రెప్లికా చేయాలంటే తయారీదారుగా అనుమతులు పొంది చేయాలి. మహారాష్ట్రలోని అలీబాగ్ దగ్గర చింకారా మోటార్స్ ఆ దారిలో లోటస్ సెవెన్ తరహా చిన్న రోడ్‌స్టర్ తెచ్చింది. అందులో వాడిన ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్ మనవాళ్లకు హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సా ద్వారా పరిచయమైనదే. అంత చిన్న టార్క్‌కు మామూలు కారు గేర్‌బాక్స్ చాలు. ఈ వ్యాసంలో చెప్పిన తిప్పలేవీ ఆ కారుకు లేవు.

పాత గేర్‌బాక్స్ కొనేవాళ్లకు

అమెరికాలో రెప్లికా బిగించేవాళ్లలో చాలామంది పాత టీ-5తోనే మొదలుపెడతారు. బయటికి అన్ని టీ-5లూ ఒకేలా కనిపిస్తాయి. నాలుగు సిలిండర్ల కారులోంచి తీసిన బలహీనమైన పెట్టెను వీ8ది అని అంటగట్టడం కొత్తేమీ కాదు. వెనక హౌసింగ్ బోల్టు ఒకదానికి చిన్న లోహపు రేకు తగిలించి ఉంటుంది, దాని మీద 1352తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఏ కారుది, ఏ ఏడాదిది, నిష్పత్తులు ఏమిటి అన్నది ఆ నంబరుతోనే తెలుస్తుంది. రేకు లేకపోతే ముందు షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ వెనక షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేసరికి అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. మొదటి గేరులో మూడుంపావు దాటితే 3.35, మూడుకు కొంచెం తక్కువైతే 2.95. వరల్డ్ క్లాస్ రకం టీ-5లో పోయాల్సింది ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిలు. పాత టాప్ లోడర్‌కు పోసే చిక్కటి గేర్ ఆయిలు ఇందులో పోస్తే సింక్రనైజర్ల లైనింగ్ దెబ్బతింటుంది. అమ్మేవాడు డ్రెయిన్ ప్లగ్గు విప్పి చూపిస్తానంటే ఆయిలు రంగు చూడాలి. ఎర్రగా ఉంటే మంచిదే. కాఫీ రంగులో ఉండి అందులో ఇత్తడి పొడి మెరుస్తుంటే సింక్రనైజర్లు అరిగాయని లెక్క. ఆ మరమ్మతు ఖర్చును ధరలోంచి తగ్గించి బేరమాడాలి.